అందమైన ఫోటో నుంచి పనికొచ్చే ఫోటో దాకా: నా అనుభవం

వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీ మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలి, ఏ లెన్స్ కొనాలి అని. అది చెప్తాను, కానీ ముందు ఇంకో మాట. నేను తీసిన వాటిలో జనం బాగా మెచ్చుకున్న ఫోటోలు వేరు, నిజంగా ఒక పక్షికి ఉపయోగపడిన ఫోటోలు వేరు. ఉపయోగపడినవి గోడకి తగిలించుకునేలా ఉండవు. వాటిలో ఒకదాంట్లో సగం ఫ్రేము సిమెంటు పెళ్ళలే. మొదటి రకం నేర్పడానికి బోలెడన్ని క్లాసులు, వీడియోలు ఉన్నాయి, రెండో రకం నేర్పేవాళ్ళు తక్కువ, నేనైతే దాన్ని పక్కవాళ్ళని అడిగి, చదివి, అక్కడా ఇక్కడా తిరిగి తెలుసుకున్నాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నా దగ్గర మొదట్లో ఉన్నది ఒక పాత క్రాప్ సెన్సర్ కెమెరా (లోపల బొమ్మ పట్టే సెన్సర్ కాస్త చిన్నగా ఉండే రకం), 70-300 జూమ్ లెన్స్. క్రాప్ సెన్సర్ మీద 300 ఎంఎం పెడితే ఫ్రేములో దాదాపు 450 ఎంఎం పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది, నేర్చుకోడానికి అది చాలు, ఇప్పటికీ అడిగినవాళ్ళకి అదే చెప్తాను. షట్టర్ స్పీడ్ (వెలుగు ఎంతసేపు పడాలి), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలి), ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలి) ఈ మూడూ చూడకుండా వేళ్ళతో మార్చగలిగేదాకా కాకులు, పావురాల మీదే ప్రాక్టీస్ చేశాను. ఎగిరే పక్షి రెక్క కొసదాకా స్పష్టంగా రావాలంటే సెకనులో 2000వ వంతు కావాలి, కదలకుండా కూర్చున్నదానికి 500వ వంతు సరిపోతుంది. తెల్లకొంగ నల్లటి నీళ్ళ ముందు నిలబడితే కెమెరా సీను మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, కొంగ ఈకల్లో గీత కూడా కనపడకుండా అంతా తెల్లగా పోతుంది, అక్కడ కెమెరా అనుకున్న వెలుగుని మనం తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్‌లోకి దించి, ఫోటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపించే హిస్టోగ్రామ్ చూసుకోవాలి. ఎండ ముదిరాక దూరంగా ఉన్న పక్షిని తీస్తే నేల మీది వేడిగాలి వల్ల బొమ్మ అలలు అలలుగా మెత్తబడిపోతుంది, ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా దానికి మందు లేదు, పొద్దున్నే రావడం ఒక్కటే దారి. ఇంకా ఒకటి, నిలబడి కిందికి చూస్తూ తీసిన పక్షి ఎప్పుడూ నేల మీద పడున్న వస్తువులాగే ఉంటుంది. బోర్లా పడుకుని దాని కంటి ఎత్తుకి లెన్స్ దించితే అది మన వైపు చూస్తున్న ప్రాణిలా కనిపిస్తుంది. ఆటోఫోకస్ ఇప్పుడు పక్షి కన్ను తనే వెతికి పట్టేస్తోంది కాబట్టి ఈ భాగం మునుపటంత కష్టం కాదు.

కెమెరా గురించి ఇంతకంటే చెప్పాల్సింది పెద్దగా లేదు. అసలు చదువు మొదలయ్యేది ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడంతో.

నేను ఎంచుకున్నది నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న ఒక చిత్తడి నేల. పులులు, ఏనుగులు ఉన్న పేరున్న అడవులకి వెళ్తే ఒక్క ట్రిప్పులో గొప్ప ఫోటో రావచ్చు, కానీ ఆ జంతువు నిన్న ఏం చేసింది, రేపు ఏం చేస్తుంది అన్నది మనకి తెలియదు. ఒకే చోటికి అన్ని కాలాల్లో వెళ్తూ ఉంటే నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయి, బురద ఎప్పుడు బయటపడుతుంది, వలస పక్షులు ఎప్పుడు దిగుతాయి, కుక్కలు ఏ వైపు నుంచి వస్తాయి అన్నీ ఒంటికి తెలిసిపోతాయి. ఆ చిత్తడి నేల గట్టు మీదే నాకు తీతువు పిట్టలతో పరిచయం పెరిగింది. తీతువు గూడు కట్టదు. బోడి నేల మీద చిన్న గుంటలో, గులకరాళ్ళ మధ్య, మామూలుగా 4 గుడ్లు పెడుతుంది. గుడ్డు రంగు, మచ్చలు అచ్చం ఆ రాళ్ళలాగే ఉంటాయి కాబట్టి అడుగు దూరంలో ఉన్నా కనపడవు. సుమారు 4 వారాలు పొదగాలి. పిల్లలు బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే పరుగెడతాయి, కానీ ఎగరడానికి ఇంకా వారాలు పడుతుంది, అన్నాళ్ళూ వాటికి దాక్కోవడం తప్ప వేరే రక్షణ లేదు.

ఇక్కడే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం నేర్చుకున్నాను. పక్షి తన పని తాను చేసుకుంటుంటేనే మనం సరైన దూరంలో ఉన్నట్టు. మేత ఆపి తల పైకెత్తిందంటే గమనించింది, అరవడం మొదలుపెట్టిందంటే మనం దగ్గరికి వచ్చేశాం, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ మనల్ని పక్కకి లాగుతోందంటే మన కాళ్ళ దగ్గర్లోనే గుడ్లో పిల్లలో ఉన్నాయి. ఆ నాటకం ఫోటోకి చాలా బావుంటుంది, అయినా అప్పుడు చేయాల్సింది వచ్చిన దారినే వెనక్కి వెళ్ళడం. తల్లి ఎండలో గుడ్ల మీద నుంచి లేస్తే ఆ వేడికి లోపలి పిల్ల చచ్చిపోవడానికి ఎంతోసేపు పట్టదు. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షిని రప్పించడం, గుడ్లగూబకి ఎలుకని ఎరగా వేయడం, గూడు కనపడాలని కొమ్మలు విరవడం, ఇవేవీ నేను చేయను, చేసి తీసిన ఫోటోని ఎంత బావున్నా పంచుకోను. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను. కాపాడాలనుకున్న ప్రాణిని కష్టపెట్టి తీసిన ఫోటోని కాపాడటానికి తీసిందని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదు.

ఒక ఎండాకాలం పొద్దున, చాలా దూరం నుంచి, ఒక తీతువు నీళ్ళలోకి దిగి పొట్ట ఈకలు బాగా తడుపుకుని, పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చోవడం చూశాను. కాసేపాగి రెండోది వచ్చింది, మొదటిది లేచి మళ్ళీ నీళ్ళకి వెళ్ళింది. గుడ్లు వేడెక్కకుండా తల్లీతండ్రీ ఇద్దరూ వంతులు వేసుకుని నీళ్ళు మోస్తున్నారు, నాకు గొంతు పట్టేసినట్టయింది. కొన్ని పక్షులు ఇలా చేస్తాయని పుస్తకాల్లో ఉన్నదే, నాకు మాత్రం అదే మొదటిసారి. నీళ్ళు కారుతున్న పొట్టతో పరుగెడుతున్న ఆ పక్షి ఫోటోనే తరవాత ఎక్కువ పని చేసింది, కానీ వెంటనే కాదు.

ఎందుకంటే అప్పటికే గట్టుకి ఒక వైపు లారీలు వచ్చి పాత ఇళ్ళు కూల్చిన మట్టి, పెళ్ళలు పోసి వెళ్తున్నాయి. ఆ నేల ఖాళీగా, ఎందుకూ పనికిరానట్టు కనిపిస్తుంది, తీతువుకి కావాల్సింది కూడా అలాంటి నేలే. మేం కొందరం కలిసి ఫోటోలతో చిన్న ప్రదర్శన పెట్టాం. జనం బాగానే వచ్చారు, మెచ్చుకున్నారు, పిల్లలకి చూపించారు. సంబంధిత ఆఫీసుకి కూడా కొన్ని ప్రింట్లు తీసుకెళ్ళి ఇచ్చాం, చాలా బావున్నాయన్నారు. లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

దాంతో, ఫోటోల వల్ల నిజంగా ఏదైనా మారిన సందర్భాల్లో ఏం జరిగిందా అని వెతికి చదవడం మొదలుపెట్టాను. 1871లో విలియం హెన్రీ జాక్సన్ అనే ఫోటోగ్రాఫర్ అమెరికాలోని ఎల్లోస్టోన్ ప్రాంతాన్ని ఫోటోలు తీశాడు, ఆ మరుసటి ఏడాది 1872లోనే అది నేషనల్ పార్క్ అయింది. ఆ ఫోటోలు తీసింది ప్రభుత్వ సర్వే బృందంతో వెళ్ళి, సర్వే నివేదికతో పాటు అవి అమెరికా చట్టసభ సభ్యుల చేతికి వెళ్ళాయి, అంటే ఓటు వేసేవాళ్ళ చేతికే. జార్జ్ షిరాస్ అనే ఆయన రాత్రిపూట ఫ్లాష్‌తో, జంతువు తీగ తొక్కితే దానంతటదే ఫోటో పడే ఏర్పాటుతో తీసిన 74 ఫోటోలని 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఒకే సంచికలో వేసింది. అందరూ ఆయన్ని ఫోటోగ్రాఫర్‌గానే గుర్తుపెట్టుకుంటారు, కానీ ఆయన లాయరు, అమెరికా చట్టసభ సభ్యుడు కూడా, 1904లోనే వలస పక్షుల రక్షణ కోసం బిల్లు పెట్టాడు. 1999-2000లో మైక్ ఫే అనే శాస్త్రవేత్త మధ్య ఆఫ్రికాలోని కాంగో అడవుల్లో 3,000 కిలోమీటర్లకి పైగా నడుస్తూ చెట్లనీ జంతువులనీ నమోదు చేస్తే, నిక్ నికొల్స్ అనే ఫోటోగ్రాఫర్ ఫోటోలు తీశాడు. అవన్నీ అక్కడి గాబన్ దేశానికి అప్పటి అధ్యక్షుడు ఒమర్ బోంగో ముందుకి వెళ్ళాయి, 2002లో గాబన్ ఒకేసారి 13 నేషనల్ పార్కులు ప్రకటించింది.

ఇవన్నీ మన స్థాయికి చాలా పెద్దవి, ఒప్పుకుంటాను. కానీ ఎల్లోస్టోన్‌లోనూ గాబన్‌లోనూ ఫోటో పక్కన సర్వే వివరాలున్నాయి, ఆ రెండూ కలిసి నిర్ణయం తీసుకోగల మనిషి దాకా వెళ్ళాయి. మా ప్రదర్శనకి వచ్చినవాళ్ళలో ఆ లారీలని ఆపగలిగేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ ఏడాదే పక్షుల మీద పనిచేసే ఒక పరిశోధకురాలితో పరిచయమైంది. నా ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి, "ఇది ఎప్పుడు తీశారు, సరిగ్గా ఎక్కడ, అప్పుడు మొత్తం ఎన్ని పక్షులున్నాయి? ఈ మూడూ రాసి ఉంటే మసకగా ఉన్న ఫోటో అయినా నాకు పనికొస్తుందండీ" అన్నారు. అప్పటి నుంచి కెమెరా సంచిలో చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ఇంటికి రాగానే తేదీ, సమయం, చోటు, జాతి, ఎన్ని, ఏం చేస్తున్నాయి అన్నీ ఫోటో ఫైల్లోనే రాసేస్తాను, పక్షుల లెక్కలు ఈబర్డ్‌లో, మిగతావి ఐనాచురలిస్ట్‌లో ఎక్కిస్తాను, రెండూ ఎవరైనా తాము చూసిన ప్రాణుల్ని నమోదు చేసే వెబ్‌సైట్లు. ఈ పని విసుగ్గా ఉంటుంది, దీనికి దండలు వేసేవాళ్ళు ఉండరు, కానీ ఫోటో సాక్ష్యంగా మారేది ఇక్కడే. పులి చారలు, హంప్‌బ్యాక్ తిమింగలం తోక కింది గుర్తులు, వేల్ షార్క్ ఒంటి మీది చుక్కలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు కాబట్టి మామూలు పర్యాటకులు తీసిన ఫోటోలతోనే ఒక్కో జంతువునీ విడిగా గుర్తుపడుతున్నారు. వేల్ షార్క్ చుక్కలని పోల్చే ప్రోగ్రాం అయితే మొదట్లో ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశంలో నక్షత్రాల అమరికని పోల్చడానికి తయారుచేసుకున్న పద్ధతి నుంచే వచ్చింది, అది చదివినరోజు రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

తరవాత మా పని తీరే మారింది. గట్టు మీద ఒక పాత కరెంటు స్తంభం ఉంది. దాని పక్కనే నిలబడి, అదే లెన్స్‌తో, అదే దిక్కుకి, నెలకోసారి ఒక ఫోటో. అంతే. అందులో పక్షి ఉన్నా లేకపోయినా తీసేవాళ్ళం. విడిగా చూస్తే ఏ ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు, వరసగా పెట్టి చూస్తే మట్టికుప్ప నీళ్ళ వైపు నడుచుకుంటూ వస్తున్నట్టు తెలుస్తుంది. సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేలకి సమానం, పక్షి కనపడదు కానీ నీళ్ళు ఎంత మేర పోయాయో తెలుస్తుంది, వాటినీ పక్కన పెట్టాం. దీంతోపాటు నేను ఇంకో రకం ఫోటోలు కావాలని తీశాను, పక్షీ పెళ్ళలూ ఒకే ఫ్రేములో ఉండేవి. మామూలుగా వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్లు ఫ్రేములోంచి తీగలు, ప్లాస్టిక్, గోడలు తప్పించడానికే తంటాలు పడతారు. నా ఆలోచన మారడానికి కారణం స్టీవ్ వింటర్ అనే ఫోటోగ్రాఫర్ అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో తీసిన పీ-22 అనే కూగర్ ఫోటో. వెనక రాత్రి వెలుతుర్లో హాలీవుడ్ అక్షరాలు, ముందు అడవి పిల్లి జాతి జంతువు. ఏడాదికి పైగా కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరా) పెట్టి ఎదురుచూస్తే వచ్చిన ఫోటో అది, 2013లో అచ్చయింది. హైవేల మధ్య చిక్కుకుపోయిన ఆ ఒక్క జంతువు కథ జనానికి బాగా దగ్గరైంది, అక్కడ హైవే మీదుగా జంతువులు దాటడానికి వంతెన కావాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నవాళ్ళకి అదొక ముఖంలా దొరికింది, 2022 ఏప్రిల్‌లో ఆ వంతెన పని మొదలైంది. జంతువు ఎక్కడ బతుకుతోందో కూడా ఫోటోలో ఉంటేనే చూసేవాళ్ళకి సమస్య తెలుస్తుందని నాకు దానితో అర్థమైంది.

ఆఫీసు కంటే ముందు ఒక లారీ డ్రైవర్‌తో మాట్లాడే అవకాశం వచ్చింది. ఫోన్లో ఆ తడిసిన పొట్ట ఫోటో, దాని పక్కన గుడ్ల ఫోటో చూపించాను. ఆయన గుడ్ల ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూసి, "ఈ రాళ్ళలో గుడ్లుంటాయని మాకెవరు చెప్పారండీ? ఇక్కడ పోయమన్నారు, పోస్తున్నాం" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పటిదాకా మా ఫోటోలన్నీ పక్షుల్ని ఇష్టపడేవాళ్ళ మధ్యే తిరిగాయి, వాటి పక్కనే రోజూ పనిచేసే మనిషికి ఒక్కరూ చూపించలేదు. తరవాత చేపలు పట్టేవాళ్ళకి, గట్టు మీద గొర్రెలు మేపేవాళ్ళకి, అందరికీ చూపించాం, వాళ్ళ ఫోటోలు తీసినప్పుడు అడిగి తీశాం, ప్రింట్లు ఇచ్చాం. గుడ్లు ఎక్కడున్నాయో మాకంటే వాళ్ళకే ముందు తెలుస్తోంది ఇప్పుడు.

రెండోసారి ఆఫీసుకి వెళ్ళినప్పుడు అందమైన ప్రింట్లు తీసుకెళ్ళలేదు. రెండు పేజీల కాగితం, వరసగా స్తంభం దగ్గరి ఫోటోలు, ఉపగ్రహ చిత్రాలు, పరిశోధకురాలు తయారుచేసిన పక్షుల పట్టిక, చివర్లో తడిసిన పొట్టతో పరుగెడుతున్న తీతువు. మేం అడిగింది కూడా ఒక్కటే: గుడ్ల కాలంలో ఆ వైపు లారీలు రాకూడదు, మట్టి పోయడానికి వేరే చోటు చూపించాలి. చెరువుని కాపాడండి అని అడిగితే ఏ అధికారైనా తల ఊపుతారు, ఈ గేటు ఈ నెల నుంచి ఈ నెల వరకు మూసేయండి అంటే ఆయన ఔనో కాదో చెప్పాల్సిందే. వెంటనే ఔననలేదు. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి వెళ్ళింది, మనుషులు మారారు, కొత్తగా వచ్చిన ఆయనకి మళ్ళీ మొదటి నుంచి చెప్పాం, ప్రతిసారీ కొత్త నెల ఫోటో ఒకటి జోడించి పంపాం. టెన్షన్ అంతా గుడ్ల కాలం ముంచుకొస్తోందనే. చివరికి ఆ వైపు గేటు మూసేశారు. అప్పటికే నింపేసిన భాగం తిరిగి రాలేదు, అది ఇక రాదు కూడా. మిగిలిన గట్టు మీద మాత్రం ఆ కాలంలో గుడ్లు పొదగడం, పిల్లలు నీళ్ళ దాకా చేరడం చూశాం.

ఇలా ఫోటోని సాక్ష్యంగా వాడుతున్నామంటే దాని కింద రాసే రెండు వాక్యాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. 2017లో బాగా చిక్కిపోయిన ఒక ధ్రువపు ఎలుగు వీడియో ప్రపంచమంతా చూసింది. వాతావరణ మార్పు అంటే ఇదీ అని నేషనల్ జియోగ్రాఫిక్ దాంతో పాటు రాసింది. ఆ ఒక్క ఎలుగు ఎందుకు చిక్కిపోయిందో ఎవరూ పరీక్షించి చెప్పలేదు, జబ్బు కావచ్చు, వయసు కావచ్చు. మరుసటి ఏడాది ఆ పత్రికే తాము రాసినదాంట్లో అతి ఉందని ఒప్పుకుంది. సముద్రపు మంచు తగ్గడం ధ్రువపు ఎలుగులకి ప్రమాదం అన్నది నిజమే, కానీ ఆ గొడవలో ఆ నిజాన్ని కూడా కొట్టిపారేయడానికి కొందరికి సందు దొరికింది. అందుకే చచ్చిన పక్షి ఫోటో తీస్తే, ఎలా చచ్చిపోయిందో తెలియకపోతే, "ఇక్కడ, ఈ రోజు, చచ్చిపడి ఉంది" అని మాత్రమే రాస్తాను. ఫోటోలో ఏదీ చెరపను, కలపను, వెలుగూ రంగూ సరిచేయడం వరకే. రా ఫైలు (కెమెరా తీసినప్పటి మార్చని అసలు ఫైలు) ఎప్పుడూ దాచుకుంటాను, ఇప్పుడు లేని జంతువుని కూడా కంప్యూటర్‌తో పుట్టించగలుగుతున్నారు కాబట్టి, ఎవరైనా నిజమేనా అని అడిగితే చూపించడానికి అదే ఆధారం. పెద్ద పోటీల్లో కూడా ఫైనల్ దాకా వచ్చినవాళ్ళని రా ఫైలు అడుగుతారు.

ఇంకో జాగ్రత్త చోటు గురించి. ఫోన్లు, కొన్ని కెమెరాలు ఫోటో లోపల జీపీఎస్ వివరాలు రాసేస్తాయి. ఖడ్గమృగం, అరుదైన తాబేలు, గుడ్లగూబ గూడు లాంటివైతే వేటగాడికి దారి చూపించినట్టే. బయట పెట్టే ముందు అవి తీసేస్తాను, వెనక గుర్తుపట్టగలిగే కొండో గుడిసో ఉంటే ఆ ఫోటో పెట్టను. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న చాలా జాతులకి సరైన చోటు కనపడకుండా తనే మసకబారుస్తుంది, పరిశోధకులకి కావాల్సిన అసలు వివరం మాత్రం పోదు.

డబ్బు గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఫోటోలు అమ్మి మాత్రమే బతికేవాళ్ళు చాలా తక్కువ, ఎక్కువమంది నేర్పిస్తారు, టూర్లకి తీసుకెళ్తారు, సంస్థలకి పని చేసిపెడతారు. నేను వేరే ఉద్యోగం చేస్తూనే ఇది చేస్తున్నాను, దానివల్ల ఎవరికోసమో పక్షి దగ్గరికి తోసుకెళ్ళి ఫోటో తేవాల్సిన ఒత్తిడి నా మీద లేదు. బడులకి, పరిశోధకులకి ఉచితంగా ఇస్తాను. కొన్ని జాతులకి వికీపీడియాలో మంచి ఫోటోయే ఉండదు, అలాంటివి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో (తీసినవాళ్ళ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతితో) అక్కడ పెడతాను, ఆ లైసెన్స్‌తో వ్యాపారం చేసేవాళ్ళు కూడా వాడుకోవచ్చని తెలిసే పెడతాను. ప్రకటనల వాళ్ళు నేరుగా వచ్చి అడిగితే మాత్రం డబ్బు తీసుకుంటాను, ఊరికే ఇవ్వను.

ఇప్పుడు మా దృష్టి గట్టుకి అవతలి వైపు ఉంది. అక్కడ రోడ్డు వెడల్పు చేయబోతున్నారని తెలిసింది, నీళ్ళ వైపు వెళ్ళే తీతువు పిల్లలు, తాబేళ్ళు దాటేది ఆ రోడ్డునే. ఈసారి మట్టి పడ్డాక కాకుండా పని మొదలవకముందే ఫోటోలు ఉండాలని, ఒక మైలురాయి దగ్గర కొత్త పాయింట్ పెట్టుకున్నాం, నెలకోసారి ఫోటోతో పాటు చక్రాల కింద పడి చచ్చిపోయిన ప్రతి ప్రాణినీ తేదీతో నమోదు చేస్తున్నాం. ఈ పాయింట్ దగ్గర ఫోటోలు తీసేది పక్క బడి పిల్లలు. రోడ్డు కింద నుంచి రెండు తూములు, వాటి వైపు దారి చూపించేలా పొట్టి కంచె కావాలని కాగితం తయారవుతోంది. ఎక్కువ జంతువులు ఏ రెండు చోట్ల దాటుతున్నాయో కచ్చితంగా చూపించగలిగితేనే అడగడానికి మాకు బలం ఉంటుంది, అందుకని ఈ వర్షాకాలం అయ్యేదాకా లెక్క ఆపడం లేదు.